పనసపొట్టు ట్రాక్: పర్లాకిమిడి హాల్లో రెండు జతల స్పీకర్ల కేసు

"పాట వినబడతంది బాబూ, మాట వినబడ్డం లేదు."

మే నెల మొదటి వారంలో మాస్టారు ఫోన్ చేసి చెప్పిన ఫిర్యాదు ఇంతే. పర్లాకిమిడిలో పంతొమ్మిదేళ్ళుగా స్పీకర్లు బిగిస్తున్నాను, కాలిపోయిన కాయిళ్ళు మారుస్తున్నాను. ఫిర్యాదుని ఇంత సూటిగా చెప్పినవాళ్ళు తక్కువ. నా సర్వీసు పుస్తకంలో సగం పేజీలు "బేస్ లేదు", "క్లారిటీ లేదు" అన్న రెండు మాటలతోనే నిండిపోయాయి.

మాస్టారు తెలుగు చెప్పి రిటైరయ్యారు. వయసు 68. ఇల్లు పాతదే గాని ముందు హాలు మాత్రం ఆమధ్య స్లాబు వేసి, టైల్స్ పరిచి కొత్తగా కట్టించారు. 15 అడుగుల పొడవు, 11 వెడల్పు, 10 ఎత్తు. గోడకి ఒక కేలెండరు, ఒక గడియారం, అంతే. నడుమ నిలబడి చప్పట్లు కొడితే రేకు డబ్బా మీద కొట్టినట్టు మోగుతుంది. బెంగళూరులో ఉన్న కొడుకు ఆన్‌లైన్లో ఒక జత టవర్ స్పీకర్లు పంపించాడు. మనిషి నడుం ఎత్తున ఉంటాయి, ఒక్కోదానికి ఆరున్నర అంగుళాల ఊఫర్లు, అంటే బరువు శబ్దాలిచ్చే కోన్లు, రెండు. మాస్టారికి అవి నచ్చలేదు. నా షాపులో ఉన్న చిన్న బుక్‌షెల్ఫ్ జతని, అంటే అయిదంగుళాల ఊఫర్, సన్న శబ్దాలిచ్చే ఒక ట్వీటర్ ఉన్నదాన్ని, ట్రయల్ కింద తీసుకెళ్ళాను. టవర్లు వాపసు ఇవ్వాలంటే పది రోజులు గడువుంది. ఈలోగా ఏది ఉంచుకోవాలో తేల్చాలి. కేసు ఇది.

మొదటి రోజు నేను చేసిందంతా తప్పే.

నా పెన్‌డ్రైవ్‌లో 40 డెమో పాటలుంటాయి. షాపుకి వచ్చినవాళ్ళకి వినిపించేవి. విడిగా మోగే గిటార్, చెవి దగ్గర గుసగుసలాడే గొంతు, పెద్ద డ్రమ్ముల దరువు, రెండు పక్కలా తిరిగే గంటలు. వాటిని ఏ స్పీకర్ మీద పెట్టినా "అబ్బ" అంటారు. అమ్మడానికి బ్రహ్మాండం. పోల్చడానికి మాత్రం పనికిరావు, ఎందుకంటే నాసిరకం స్పీకర్‌ని కూడా అవి గట్టెక్కిస్తాయి. ఈ సంగతి నాకు తెలీక కాదు, అలవాటు కొద్దీ అవే పట్టుకెళ్ళాను. టవర్ల మీద ఆరు పాటలు, చిన్నవాటి మీద అవే ఆరు పాటలు పెట్టాను. మాస్టారు, అమ్మగారు, బరంపురం నుంచి వచ్చిన ఒడియా కోడలు, పద్నాలుగేళ్ళ మనవడు, నలుగురూ టవర్లకే ఓటేశారు. మాస్టారు కూడా. ఫిర్యాదు చేసిన మనిషే ప్లేటు తిప్పేసరికి నాకు అనుమానం వచ్చింది.

డబ్బాల వెనక రాసిన అంకెలు చూశాను. ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో టవర్ 90 డెసిబెల్స్ ఇస్తుంది, చిన్నది 85 ఇస్తుంది. వాల్యూమ్ ముల్లు రెంటికీ ఒకేచోట పెట్టి వినిపించానంటే టవర్లని 5 డెసిబెల్స్ ఎక్కువ బిగ్గరగా వినిపించినట్టే. ఆ తేడా పూడ్చాలంటే చిన్నవాటికి మూడు రెట్లకి పైగా వాట్లు కావాలి. ఇంకో సంగతి, మన చెవి అన్ని శబ్దాల్నీ ఒకేలా వినదు. వాల్యూమ్ తగ్గేకొద్దీ బేస్ ముందుగా మాయమవుతుంది. 1933లో అమెరికా టెలిఫోన్ కంపెనీ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ గీసిన గీతలు చెప్పేది అదే. కాబట్టి బిగ్గరగా మోగేది బిగ్గరగా ఉన్నట్టు తోచదు, "నిండుగా" ఉన్నట్టు తోస్తుంది. షాపుల్లో అమ్మదలుచుకున్న జతని ఒక పిసరు పెంచి పెట్టే విద్య దీని మీదే నడుస్తుంది. నేను దాన్ని తెలీకుండా చేశాను, అది ఇంకా సిగ్గుచేటు.

రెండో తప్పు 1950ల నాటి ఘంటసాల పాట ఒకటి పెట్టినప్పుడు బయటపడింది. ఆ కాలం సినిమా పాటలన్నీ మోనో. రెండు స్పీకర్ల నుంచీ అక్షరం తేడా లేకుండా ఒకటే శబ్దం వస్తుంది గనక, గొంతు సరిగ్గా రెంటి నడుమ, గాలిలో మనిషి నిలబడ్డట్టు వినబడాలి. టవర్ల మీద అలాగే నిలబడింది. చిన్నవాటి మీద గొంతు ఎక్కడా లేదు. కుడి గోడలోంచి వస్తోందంటే కుడి గోడ, నెత్తి మీదంటే నెత్తి మీద, బేస్ పూర్తిగా పలచన. వెనక్కి వెళ్ళి చూస్తే ఎడమ స్పీకర్‌కి ఎర్ర వైరు నల్ల పిన్నులో ఉంది. మా కుర్రాడు బిగించాడు, నేను చూసుకోలేదు. ఒక కోను ముందుకొస్తుంటే రెండోది వెనక్కి పోతోంది, బేస్ ఒకదాన్నొకటి తినేస్తోంది. డెమో పాటల్లో ఇది ఎవరూ పట్టలేదు. పైగా కోడలు "చాలా విశాలంగా ఉంది అంకుల్" అని మెచ్చుకుంది కూడా. అప్పటినుంచి ఎవరింటికెళ్ళినా నా మొదటి ట్రాక్ ఒక మోనో గొంతే. స్పీకర్ మంచిచెడ్డలకంటే ముందు నా వైరింగు మంచిచెడ్డలు చెబుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇవే పాటలు నెట్‌లో "స్టీరియో", "డిజిటల్" అని దొరుకుతున్నాయి. ఎవరో ఎకో కలిపి, వాయిద్యాల్ని రెండు పక్కలకీ లాగి, సన్నగా ఉన్నదాన్ని బాదిబాది బిగ్గర చేసినవి. గొంతు బావిలోంచి వచ్చినట్టుంటే స్పీకర్‌ని తిట్టుకుంటాం. తప్పు ఫైలుది. స్పీకర్‌ని పరీక్షించే ముందు ట్రాక్‌ని పరీక్షించాలని నేను అనేది అందుకే. ఒక ట్రాక్ నా జాబితాలోకి రావాలంటే, మంచి హెడ్‌ఫోన్లో కనీసం పదిసార్లు విని, అందులో నిజంగా ఏముందో, ఏది లేదో నాకు తెలిసి ఉండాలి. ట్రాక్‌లో లేనిదాన్ని స్పీకర్‌లో వెతకడం, ఉన్న లోపాన్ని స్పీకర్‌కి అంటగట్టడం, రెండూ ఈ పనిలో రోజూ జరిగేవే.

ఇంటికెళ్ళి 40 పాటల్లో 34 తీసి పక్కన పెట్టాను. మాస్టారింట్లో వాళ్ళు రోజూ వినేవేమిటో అడిగి కొన్ని కలిపాను. తెల్లారి అయిదింటికి అమ్మగారు పెట్టే సుప్రభాతం, కోడలు వినే ఒడిస్సీ, మనవడి సినిమా పాటలు, మాస్టారి పద్యాలు. ఒక్కో ట్రాక్‌ని ఒక్క ప్రశ్నే అడగాలని నియమం పెట్టుకున్నాను. "ఎలా ఉంది?" అని అడిగితే నలుగురూ నాలుగు ఊళ్ళ సంగతి చెబుతారు.

సుప్రభాతం సంగతి చూడండి. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారిది, 1963 నాటి రికార్డింగు, తెలుగువాళ్ళిళ్ళల్లో గోడలకి కూడా కంఠతా వచ్చినది. అది ఒక్క గొంతు కాదని చాలామందికి తట్టదు. పక్కన కూతురు రాధా విశ్వనాథన్ గొంతు కూడా ఉంది. ఇద్దరూ ఒకే శ్రుతిలో, ఒకే మాట మీద నడుస్తారు. మంచి స్పీకర్ మీద రెండు గొంతుల అంచులు విడివిడిగా తెలుస్తాయి, ముఖ్యంగా మాట ఎత్తుకునేచోట, ఊపిరి తీసుకునేచోట. గొంతుని మందం చేసే స్పీకర్ మీద ఇద్దరూ కలిసిపోయి ఒక లావుపాటి గొంతవుతుంది. నేనడిగిన ప్రశ్న ఇదే: "ఎంతమంది పాడుతున్నారు?" ముప్పై ఏళ్ళుగా వింటున్న అమ్మగారు చిన్న జత మీద విని, "అదేటి, ఇద్దరున్నారా!" అన్నారు. టవర్ల మీద మళ్ళీ పెడితే "ఇందులో ఒకావిడ వెనక్కెళ్ళిపోయింది" అన్నారు. పైగా ఇది ఆవిడ చాలా తక్కువ వాల్యూమ్‌లో, ఇల్లంతా నిద్రపోతుండగా వినేది. ఆ వాల్యూమ్‌లో టవర్ల బేస్ ఎలాగూ చెవికి అందదు.

కోడలి ఒడిస్సీ ట్రాక్‌ని ట్వీటర్ కోసం వాడాను. మర్దల (ఒడిస్సీ మద్దెల) దరువు మీద గిని, అంటే చిన్న కంచు తాళాలు, మోగుతూ ఉంటాయి. దెబ్బ కాదు వినాల్సింది, దెబ్బ తర్వాత తోక. 'టింగ్' అన్నాక ఆ నాదం సన్నబడుతూ ఎంతసేపు కనబడుతుంది, మధ్యలో ఇసకలా గరగరమంటుందా అన్నది. మొదట తన ఫోన్లోంచి బ్లూటూత్ మీద పెట్టింది, రెండు జతల మీదా ఇసకే. అదే ట్రాక్ సీడీ నుంచి తీసిన ఫైలు పెట్టేసరికి రెండు జతలూ శుభ్రం. అంటే ఆ ఇసక ఫోన్లో ఉన్న బక్క ఎంపీ3దీ, బ్లూటూత్‌దీ. ఈ ప్రశ్నలో రెండు జతలకీ తేడా లేదని తేలింది. తేడా లేదని తేలడం కూడా ఫలితమే, రాసుకున్నాను.

ఇక్కడే మాస్టారి చెవుల సంగతి వచ్చింది. సిగ్నల్ జనరేటర్‌తో ఒక్కో స్వరం వదిలి చూస్తే, మనవడు 15 వేల హెర్ట్జ్ (అంటే సెకనుకి అన్ని కంపనాలు) దాకా "ఉంది ఉంది" అంటున్నాడు, తాతగారికి 10 వేల దగ్గరే ఆగిపోయింది. ఈ వయసులో అది మామూలే, జబ్బు కాదు. మాస్టారు నొచ్చుకోలేదు. "సవర మాటలు పట్టుకోడానికి మన్యం తిరిగి, మలేరియాకి క్వినైన్ మింగి చెవులు పోగొట్టుకున్న గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరయ్యా ఇది. నా పై అయిదు వేలూ ఒక లెక్కా" అన్నారు. నిజానికి మాట తెలియడానికి కావలసిందంతా 8 వేల లోపే ఉంది. ఆ లోపలే ఏదో గడబిడ ఉంది గనకే ఆయన ఫోన్ చేశారు.

బేస్ ట్రాక్ దగ్గర ఎక్కువ సేపు పట్టింది. ధన్ ధన్ మని ఒకే దరువు కొట్టే పాట బేస్‌ని పరీక్షించదు, ఎంత ఉందో మాత్రం చెబుతుంది. మెట్లు దిగుతూ ఎక్కుతూ నడిచే బేస్ గిటార్ కావాలి. దాని నాలుగు తీగలు వట్టిగా మీటితే సుమారు 41, 55, 73, 98 హెర్ట్జ్ పలుకుతాయి. ప్రతి మెట్టూ ఒకే బరువుతో వినబడాలి. మనవడు తెచ్చిన పాటల్లో అలాంటిది ఒకటి దొరికింది. టవర్ల మీద 55 మెట్టు దగ్గరికి వచ్చినప్పుడల్లా హాలంతా 'బోం' మని ఊగింది, గోడ గడియారం అద్దం కూడా జిరజిరలాడింది. ఆ పక్క మెట్టుకి ఏమీ లేదు. చిన్నవాటి మీద కూడా అదే మెట్టు, కాకపోతే తక్కువగా. రెండు వేరువేరు స్పీకర్లు ఒకే మెట్టు దగ్గర తప్పు చేస్తున్నాయంటే నేరం వాటిది కాదు, గదిది. గది ఏ స్వరానికి ఊగుతుందో తేల్చే లెక్క చిన్నదే. గాలిలో శబ్దం సెకనుకి సుమారు 345 మీటర్లు పోతుంది, దాన్ని గోడకీ గోడకీ మధ్య దూరానికి (మీటర్లలో) రెట్టింపుతో భాగించాలి. 15 అడుగుల పొడవుకి 38 హెర్ట్జ్ వస్తుంది, 11 అడుగుల వెడల్పుకి 51, 10 అడుగుల ఎత్తుకి 57. ఆఖరి రెండూ పక్కపక్కనే పడ్డాయి, ఆ మెట్టు సరిగ్గా వాటి నడుమ. పైగా సోఫా వెనక గోడకి ఆనించి ఉంది, గోడ దగ్గర బేస్ ఇంకా పోగవుతుంది.

ఈ సంగతి కేసు ఫలితాన్ని ఎటు లాగిందో ఒప్పుకోవాలి. అయిదంగుళాల ఊఫర్ 60 కింద ఎలాగూ చేతులెత్తేస్తుంది. గది జబ్బు పడ్డ చోట అది నోరెత్తదు గనక శుభ్రంగా వినబడుతుంది. టవర్లు నిజాయితీగా 40 దాకా దిగుతాయి, అందుకే దొరికిపోయాయి. ఇంకొంచెం పెద్ద హాల్లో, పరుపులూ పుస్తకాల బీరువాలూ ఉన్న ఇంట్లో, తీర్పు తిరగబడినా నేను ఆశ్చర్యపోను.

ఇక పనసపొట్టు. బీబీసీ ఇంజనీర్లు 1970ల్లో ప్రసార వ్యాన్లలో పట్టేంత చిన్న స్పీకర్లు తయారు చేసుకున్నప్పుడు తెలిసిన మనిషి మాటని కొలబద్దగా పెట్టుకునేవారు. వాయిద్యం అసలు ఎలా మోగిందో మనకి తెలీదు. స్టూడియోలో దాన్ని ఏం చేశారో అంతకన్నా తెలీదు. ఇంట్లో మనిషి గొంతు మాత్రం మన చెవిలో పుట్టినప్పట్నుంచీ ఉంటుంది. అందుకని అమ్మగారిని పొద్దున్నే మేడ మీదకి తీసుకెళ్ళాను. హాల్లో రికార్డు చేస్తే గది మోత రెండుసార్లు పడుతుంది, ఒకసారి రికార్డులో, ఒకసారి వింటున్నప్పుడు. మేడ మీద గోడలు లేవు. మైకు అడుగు దూరంలో పెట్టి, ఏదైనా ఒక నిమిషం మాట్లాడమన్నాను. "నాకేటొచ్చు మాట్లాడ్డానికి" అంటూనే పనసపొట్టు కూరలో ఆవ ఎలా పెట్టాలో మొదలుపెట్టారు. నిమిషం అడిగితే మూడున్నర నిమిషాలు వచ్చింది.

ఇంతకన్నా మంచి టెస్ట్ ట్రాక్ నేను కావాలని రాయించుకున్నా దొరకదు. 'పనసపొట్టు' అన్న ఒక్క మాటలో రెండు 'ప'లు, ఒక 'స', ఒక ఒత్తు 'ట'. పెదాలు విడిపోయినప్పుడు వచ్చే గాలి దెబ్బ, పళ్ళ మధ్య ఈల, నాలుక అంగిలికి కొట్టిన చప్పుడు, మధ్యలో అచ్చుల నిండుదనం. 'స' బలమంతా దాదాపు 5 వేల పైన, అది పూర్తిగా ట్వీటర్ పని. అచ్చుల అడుగు 200 దగ్గర, అది ఊఫర్ పని. రెండున్నర వేల ప్రాంతంలో ఊఫర్ నుంచి ట్వీటర్‌కి శబ్దం చేతులు మారుతుంది. అక్కడ అతుకు సరిగ్గా లేకపోతే ఒకే మాట ఇద్దరు పలికినట్టుంటుంది. టవర్లని గోడ మూలల్లోకి నెట్టి పెట్టారేమో, 'ప' కాస్త 'బ' వైపు ఒరిగింది. 'శెనగపప్పు' అన్నచోట 'శ' బరువెక్కి 'ష'లా పడింది. ముప్పై ఏళ్ళు పిల్లల చేత శ, ష, స విడివిడిగా పలికించిన మనిషికి అది చెవిలో ముల్లు. "ఇదే నేను ఫోన్లో చెప్పింది" అన్నారు మాస్టారు. టవర్లని గోడకి అడుగున్నర ముందుకి లాగాను. 'ప' బాగుపడింది. 'శ' మాత్రం అలాగే ఉంది. అది గది దోషం కాదు, ఆ స్పీకర్ గుణమే.

అమ్మగారికి రెండూ నచ్చలేదు. "ఆ గొంతు నాది కాదు, ఎవరిదో గీర గొంతు" అన్నారు. ఆవిడ తప్పు కాదు. మన గొంతు మనకి ఎముకల్లోంచి కూడా వినబడుతుంది, రికార్డులో ఆ భాగం ఉండదు. ఎవరి గొంతుకి వాళ్ళు సాక్ష్యం చెప్పకూడదు. ఆ ఒక్క ట్రాక్‌కి ఆవిడ ఓటు లెక్కలోంచి తీసేశాను. మిగతా ముగ్గురూ, ముఖ్యంగా మాస్టారు, "అచ్చం నువ్వే" అన్నది చిన్న జత మీదే.

మూడో రోజు చూడకుండా వినే పరీక్ష పెట్టాం. పొద్దున్న ఆరింటికి, ఎందుకంటే ఎండెక్కితే ఫ్యాను ఆపలేం, ఫ్యాను తిరిగితే తాళాల తోక వినబడదు. ఇన్వర్టర్ కూడా కట్టేశాను, దాని గుర్రుమనే మోత స్పీకర్లలో పడుతోంది. ఒక్కో జత నుంచి ఒక్క స్పీకర్ తీసి పక్కపక్కన పెట్టి, మోనోలో వినిపించాను. ఒక్క స్పీకర్‌తో వింటేనే లోపాలు ఎక్కువ పట్టుబడతాయని స్పీకర్ల మీద పరిశోధన చేసిన ఫ్లాయిడ్ టూల్ ఎప్పుడో చూపించాడు. కంటికి కనబడే పరిమాణం, ధర చెవిని ఎలా మోసం చేస్తాయో 1994లో ఆయనా, తోటి పరిశోధకుడు షాన్ ఆలివ్ కలిసి మళ్ళీ చూపించారు. ముందు నల్లటి పల్చని వోణీ కట్టాం. ఒకేలాంటి రెండు చిన్న ఆంప్లిఫయర్లు, ఒకే సోర్సు, ఇన్‌పుట్ దగ్గర ఒక మీట. పింక్ నాయిస్ (జల్లుమని ఒకే తీరున మోగే పరీక్ష శబ్దం) పెట్టి, సోఫా దగ్గర చెవి ఎత్తున మీటరుతో రెంటినీ అర డెసిబెల్ లోపు సమం చేశాను. ఫోన్ యాప్ అయినా ఇందుకు చాలు. అంకె తప్పయినా, తేడా మాత్రం సరిగ్గానే చూపిస్తుంది. సగంలో స్పీకర్ల స్థానాలు మార్చాం. మనవడు చీటీల మీద ఒకదానికి 'మామిడి', రెండోదానికి 'జీడి' అని పేర్లు పెట్టి, ఏది ఏదో నాకు కూడా చెప్పకుండా మీట నొక్కాడు. ఒక్కో ముక్క పది పదిహేను సెకన్లకి మించి పెట్టలేదు. చెవి జ్ఞాపకం అంతకన్నా నిలవదు.

మాస్టారు ఆరు ట్రాకుల్లో అయిదింటికి జీడి అన్నారు. అమ్మగారు ఓటున్న అయిదింటిలో నాలుగు. కోడలు చెరి మూడు. మనవడు బేస్ గిటార్ ట్రాక్‌కి, ఇంకో రెంటికి మామిడి అన్నాడు, మీట నొక్కింది తనే గనక వాడి ఓటు ఎలాగూ చెల్లదు. చీటీ విప్పితే జీడి అంటే చిన్న జత.

చిన్న జతే ఉంచుకున్నారు. సోఫాని గోడకి రెండున్నర అడుగులు ముందుకి జరిపించాను, వెనక గోడకి పాత చీరల బొంత ఒకటి వేలాడదీయించాను. చప్పట్లు కొడితే ఇప్పుడు రేకు డబ్బా లేదు. కొడుకు వీడియో కాల్లో కొంచెం ముఖం మాడ్చుకున్నాడు, దసరాకి వచ్చి సబ్‌ఊఫర్ సంగతి చూస్తానన్నాడు. 55 దగ్గర గది ఏం చేస్తుందో చెప్పాను గాని విన్నట్టు లేదు.

అమ్మగారి రికార్డింగు పెన్‌డ్రైవ్‌లో నాలుగో నంబరుగా ఉండిపోయింది. తీసెయ్యమని ఆవిడ, ఉంచమని మాస్టారు. పోరాడి పోరాడి, పేరు చెప్పకపోతే ఉంచుకోవచ్చని ఆవిడే ఒప్పుకున్నారు. మొన్న పాతపట్నం నుంచి ఒకాయన షాపుకొచ్చి, స్టాండు మీదున్న జత వింటూ కూర్చున్నాడు. మొదటి మూడు ట్రాకులకీ "బేస్ ఉందా, వాట్స్ ఎన్ని" అని అడుగుతూనే ఉన్నాడు. నాలుగోది మొదలయ్యాక నోరు మెదపలేదు. మూడున్నర నిమిషాలూ అయిపోయాక నా వైపు తిరిగి అడిగాడు: "ఆవ పొయ్యి దింపాక కలపమన్నారా, ముందా?"